ఫోనే నా సిస్టమ్: సిరిసిల్ల నుంచి పంజాగుట్ట దాకా

ఉదయం ఏడింటికి సిరిసిల్ల బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి నా ఫోన్‌లో నూరు శాతం చార్జింగ్ ఉంది. ఈ ప్రయాణంలో గడియారం కంటే ఎక్కువసార్లు చూసుకున్నది ఆ అంకెనే కాబట్టి, వేళలతో పాటు దాన్నీ రాస్తాను. నాలాగా ఫోన్ ఒక్కటే పట్టుకుని పరీక్షకు బయలుదేరే వాళ్ళెవరైనా ఉంటే పనికొస్తుంది.

ఎందుకు బయలుదేరానో ముందు చెప్పాలి. మా ఇంట్లో మరమగ్గాలు నాలుగున్నాయి. నా భర్త లక్ష్మణ్ వాటిని నడుపుతాడు, నేను నూలు కండెలు చుడతాను. రెండేళ్ళుగా ఆర్డర్లు తగ్గిపోయి వారానికి మూడు రోజులే మగ్గం ఆడుతోంది. మిగతా రోజుల్లో ఊరికే కూర్చోలేక ఫోన్‌లో టెర్మినల్ యాప్ ఒకటి వేసుకుని ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాను. తెరిస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు, ఏం కావాలన్నా మాటల్లో టైపు చేసి అడగాలి. కానీ ఆ తెర వెనుక ఒక చిన్న లైనక్స్ ఉంటుంది. అందులో పైథాన్ ఎక్కించుకోవచ్చు, ప్రోగ్రాం రాసి నడపవచ్చు, ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి వెళ్ళి పనిచేసి రావచ్చు. ఏ మగ్గం మీద ఎన్ని మీటర్ల బట్ట దిగిందో చెప్పే ప్రోగ్రాం నేను అందులోనే రాశాను. "గా నల్ల తెరల నీకేం కనిపిస్తదే?" అని మా అత్త ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రాక్టికల్ పరీక్షకు రమ్మన్నారు. పోస్టు ఒక్కటే. ఒక నెల అక్కడుండి పని నేర్చుకుంటే తర్వాత ఇంటి నుంచే చేసుకోవచ్చు. మాకు ఇంతకంటే ఏం కావాలి? దరఖాస్తులో "సొంత సిస్టమ్ ఉందా?" అని అడిగితే "ఉంది" అని నొక్కాను. అబద్ధం కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, నాకు ఫోనే సిస్టమ్ కదా. వాళ్ళు దాన్ని సిస్టమ్ అని ఒప్పుకుంటారా అన్న భయం మాత్రం బస్సు కదిలాక పట్టుకుంది.

కండక్టర్ వచ్చి, "ఒరిజినల్ ఆధార్ సూపెట్టమ్మా, ఫోన్ల ఫొటో నడ్వదు" అన్నాడు. కార్డు చూపించి ఆడవాళ్ళకు డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. ఆడవాళ్ళు ఎవరైనా వెళ్తే కార్డు చేతికందేలా పెట్టుకోండి.

నా పక్క సీట్లో ఒక పెద్దామె ఆస్పత్రి కాగితాల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా సంచిలోంచి బయటికి వచ్చిన కీబోర్డు కొసను తట్టి చూసింది.

"గిదేంది బిడ్డా?"

"కీబోర్డు పెద్దమ్మా. పరీక్షకు పోతున్న."

"పరీక్షకు పెన్ను తీస్కపోతరు గని గింత పలక తీస్కపోతరా?"

నవ్వు వచ్చింది కానీ నా దిగులంతా ఆ పలకతోనే. నా ఫోన్‌కు ఉన్నది ఒక్కటే రంధ్రం. అందులో చార్జర్ పెడితే కీబోర్డు పెట్టడానికి ఉండదు, కీబోర్డు పెడితే చార్జింగ్ ఎక్కదు. వైర్‌లెస్ కీబోర్డు కొందామని లక్ష్మణ్ అన్నాడు. ఇంట్లో పాతది ఉండగా దండగెందుకని వద్దన్నది నేనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అప్పుడెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఎనిమిదీ పదికి సిద్దిపేట వచ్చింది. పది నిమిషాలు ఆపారు, టీ తాగాను. పదింపావుకు హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో దిగినప్పుడు ఫోన్ తొంభైరెండు చూపించింది. పాత ప్రోగ్రాములు దారి పొడవునా తిరగేసినందుకు ఆ ఎనిమిది పోయాయి. మెట్రో మెట్లెక్కుతూ సంచి సర్దుకుంటూ అడుగుదాకా వెతికాను. కీబోర్డు వైరును ఫోన్‌కు కలిపే చిన్న ముక్క లేదు. రాత్రి ఆఖరిసారి పరీక్షించి కండెల యంత్రం మీద పెట్టాను, అది అక్కడే ఉంటుంది.

పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో నీలి లైను మెట్రో ఎక్కాను. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. పదీ యాభైకి అమీర్‌పేటలో దిగి మైత్రీవనం వైపు మెట్లు దిగాను. ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే, ఎవరి చేతిలో చూసినా కరపత్రాలే. ఒకాయన నా చేతిలో రెండు కరపత్రాలు పెట్టి, "డెమో ఫ్రీ మేడం" అన్నాడు. నాకు కావలసింది కోర్సు కాదు, వేలెడు లేని ముక్క.

మూడో మొబైల్ షాపులో దొరికింది. షాపాయన ఎర్రగా గోరింటాకు పెట్టిన గడ్డంతో, నవ్వుముఖంతో ఉన్నాడు. ముక్క పెట్టి కీబోర్డు పనిచేస్తోందని నా ఫోన్‌లోనే చూపించాడు. అంతటితో ఆగలేదు.

"ఫోన్ గింత గరమైందేంది అక్కా? జర ఆగు." టకటకా ఏవేవో నొక్కాడు. "అన్ని యాప్‌లు బంద్ చేసిన, బ్యాటరీ సేవర్ పెట్టిన. ఫోన్ హల్కా అయింది. ఇగ ఫికర్ లేదు."

యాప్‌లన్నీ మూసేస్తే ఫోన్ తేలికవుతుందని మన ఊళ్ళోనూ అందరూ చేసేదే. ఆయన మంచి మనసుతో చేశాడు, నేనూ సంతోషంగా షుక్రియా చెప్పి వచ్చేశాను. దాని ఫలితం తర్వాత తెలిసింది.

పదకొండున్నరకు సందు మలుపులో టిఫిన్ సెంటర్‌కు వెళ్ళాను. నిలబడి తినే చోటు. బల్ల అవతల లాప్‌టాప్ సంచి భుజాన వేసుకున్న ఒకమ్మాయి పులిహోర తింటోంది. నా కీబోర్డు వైపు చూసి, "అక్కా, కంప్యూటర్ మొత్తం విడివిడిగా మోస్తున్నవా?" అంది. నా సంగతి చెప్పాను. ఆమెదీ అదే ఆఫీసు, అదే పరీక్ష. పేరు సమీనా, ఊరు జహీరాబాద్, నాన్న స్కూటర్ మెకానిక్. ఏడు నెలలుగా ఇక్కడి హాస్టల్లో ఉండి కోర్సు చదివింది.

"గిది ఎనిమిదో పరీక్ష అక్కా. గిది సుత రాకపోతే నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవుడే. మా అబ్బా ఇగ ఉండనియ్యడు." ఇది చెబుతూ కూడా తినడం ఆపలేదు. పరీక్ష ముందు కడుపు ఖాళీగా ఉండకూడదని నాకూ ఇంకో ప్లేటు చెప్పింది.

ఆ అమ్మాయి నాకు నచ్చింది. పోస్టు ఒక్కటే అన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. నడిచినా పోవచ్చు కానీ ఎండలో వద్దంది సమీనా. పన్నెండూ నలభైకి కళ్ళద్దాల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్నాం. ఫోన్ డెబ్బైఆరు. తలుపు దగ్గర బల్ల మీద ఒక ట్రే పెట్టి, చొక్కా జేబులో మూడు పెన్నులున్న సార్ ఒకరు నిలబడ్డారు. పరీక్షకు వచ్చింది మొత్తం ముగ్గురం. మూడో మనిషి నలభై ఏళ్ళాయన.

"ఫోన్లన్నీ ఇందులో పెట్టేయండి. సొరుగులో పెట్టి తాళం వేస్తాను, అయ్యాక ఇస్తాను" అన్నారు సార్. సమీనా పెట్టింది, ఆయనా పెట్టాడు. నేను పెట్టలేదు.

"ఏంటమ్మా? మీ ఫోన్?"

"గిదే సార్ నా సిస్టమ్."

సార్ నన్ను, ఫోన్‌ను, కీబోర్డును వరసగా చూశారు. "ఫోన్లు లోపలికి రాకూడదండి. లాప్‌టాప్ లేకపోతే లేదని ఫారంలోనే రాయాలి కదా. ఇంత దూరం ఎందుకొచ్చారు?"

వంద మైళ్ళు వచ్చి గుమ్మంలోంచి తిరిగిపోవడమా? "సొంత సిస్టమ్ అన్నరు గని ఎంత సైజుండాల్నో రాయలే సార్. మీ ముంగటనే కూసుంట. ఈ నల్ల తెర తప్ప ఇంకోటి తెరిస్తే లేపి పంపుండ్రి."

ఆయన పెదవి కొరుక్కున్నారు. వాళ్ళ సర్వర్ పేరు చీటీ మీద రాసి, "అయితే ఇందులోకి వెళ్ళి చూపించండి" అన్నారు. కీబోర్డు పెట్టాను. అరనిమిషంలో లోపలికి వెళ్ళాను. ఆయన నవ్వలేదు కానీ తన బల్ల ఎదుట కుర్చీ చూపించారు. సమీనా నా పక్కన కూర్చుంది.

పరీక్ష పద్ధతి ఇది. సర్వర్‌లో మా ముగ్గురి పేర్ల మీద చెడిపోయిన ప్రోగ్రాములు మూడేసి ఉంటాయి. వాటిని సరిచేసి చివర్లో సమర్పించే ఆజ్ఞ ఇవ్వాలి. మూడింటికి సర్వర్ తనంతట తానే తలుపు మూసేస్తుంది. "టైము నా చేతిలో లేదు, అడగొద్దు" అన్నారు సార్.

ఒంటిగంటకు మొదలుపెట్టాను. పావుగంట తర్వాత ప్రశ్నల కాగితం చదువుతూ ఒక నిమిషం తెర వైపు చూడలేదు. చూసేసరికి తెర ఆరిపోయింది. వెలిగిస్తే టెర్మినల్ యాప్ లేదు, మూసుకుపోయింది. షాపాయన పెట్టిన బ్యాటరీ సేవర్ తెర ఆరగానే దాన్ని చంపేసిందన్న మాట.

కానీ నా ఫోన్ ఇలా చావడం కొత్త కాదు. రెండేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు చస్తూనే ఉంది. అందుకే నాకొక అలవాటు పట్టుబడింది. సర్వర్‌లోకి వెళ్ళగానే ముందు అక్కడ ఒక గది లాంటిది, ఫోన్ పోయినా తెగని సెషన్ ఒకటి తెరుస్తాను. పని మొత్తం దానిలోనే. నా ఫోన్ ఆ గదికి కిటికీ మాత్రమే, కిటికీ మూసుకుపోయినా లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది. పైగా మూడు వరుసలు రాస్తే ఒకసారి సేవ్ చేస్తాను. లాప్‌టాప్ మీద నేర్చుకున్నవాళ్ళకు ఈ చాదస్తం ఉండదు, వాళ్ళకు అవసరం పడలేదు. సేవర్ తీసేసి మళ్ళీ లోపలికి వెళితే కర్సర్ వదిలిన చోటే మిణుకుమంటోంది.

రెండింటికల్లా మొదటి రెండు ప్రోగ్రాములు అయ్యాయి. మూడోది కష్టంగా ఉంది. ఫోన్ ముప్పైరెండు. గోడకు ప్లగ్గు ఉంది, సంచిలో చార్జర్ ఉంది, ఉన్నది మాత్రం ఒక్క రంధ్రం. ఒక పదిహేను నిమిషాలు కీబోర్డు పీకి, చార్జర్ పెట్టి, వేళ్ళతో తెర మీదే టైపు చేసి ఉండవలసింది. వేగం తగ్గుతుందని చేయలేదు. ఇది రెండో తప్పు, మీరు చేయకండి.

రెండూ పదికి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, గోడ మీది వైఫై డబ్బా లైట్లు ఆరిపోయాయి. సార్ లేచి, "జనరేటర్ చూసే మనిషి కింద ఉంటాడు, పిలుస్తాను" అని గబగబా వెళ్ళారు. ఫోన్లున్న సొరుగు తాళంచెవి ఆయన జేబులోనే వెళ్ళింది. నలభై ఏళ్ళాయన రెండు నిమిషాలు చూసి, "టైము పోతుంది సార్!" అని ఆయన వెనకే మెట్లు దిగాడు. గదిలో సమీనా, నేను మిగిలాం. ఆ గదిలో నెట్ ఉన్నది నా ఒక్కదానికే. నాది సిమ్ మీద నడుస్తోంది.

"అక్కా," సమీనా మెల్లగా పిలిచింది. "జర హాట్‌స్పాట్ ఆన్ చేస్తవా?"

నా వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ముప్పై శాతం ఉంది. హాట్‌స్పాట్ పెడితే నా పాత ఫోన్ గంట కూడా నిలవదు. మూడో ప్రోగ్రాం సగంలో ఉంది. పోస్టు ఒక్కటే. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను, వినబడనట్టు, పనిలో మునిగిపోయినట్టు. ఆమె మళ్ళీ అడగలేదు. లాప్‌టాప్ మూత మీద చేతులు పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

నాకు సిగ్గేసింది. అయినా టైపు చేస్తూనే ఉన్నాను. సార్ ఇప్పుడే వచ్చేస్తారు, కరెంటు ఇప్పుడే వచ్చేస్తుంది అనుకుంటూ పది నిమిషాలు గడిపాను. రెండూ ఇరవైరెండుకు ఒక వరుస తప్పు పడింది. చెరిపి రాస్తే మళ్ళీ తప్పు పడింది. నా కడుపులో ఉన్నది ఆమె చెప్పించిన పులిహోర. ఇక నా వల్ల కాలేదు. "సమీనా, హాట్‌స్పాట్ పెట్టిన. పాస్‌వర్డ్ రాస్కో" అన్నాను, ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

"షుక్రియా అక్కా, మస్తు షుక్రియా" అంటూ ఆమె వంగిపోయి పని మొదలుపెట్టింది.

ఇరవైనాలుగు, ఇరవై, పదిహేడు. ఫోన్ వీపు దోసె పెనంలా కాలుతోంది. మూడో ప్రోగ్రాం సరిగ్గా నడిచింది. ఒక్కసారి మొత్తం సరిచూసుకుని సమర్పిద్దామనుకున్నాను. నా ఫోన్ పది దగ్గరికొస్తే అబద్ధాలాడుతుంది. రెండూ నలభైనాలుగుకు పదకొండు చూపిస్తూ, చెప్పాపెట్టకుండా చచ్చింది. నేను సమర్పించలేదు. సమీనా నెట్ కూడా నాతోనే పోయింది.

నాలుగు నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది. వెనకే సార్, ఆ నలభై ఏళ్ళాయన చెమటలు కక్కుతూ వచ్చారు. వైఫై డబ్బా మళ్ళీ లేవడానికి ఇంకో రెండు నిమిషాలు. నేను చార్జర్ పెట్టాను కానీ అడుగంటిన నా ఫోన్ తెర వెలిగి, లైనక్స్ తెరుచుకునేసరికి పది నిమిషాలు పడుతుంది. గోడ గడియారంలో మూడుకు పది తక్కువ. తల పట్టుకుని కూర్చున్నాను.

సమీనా తన లాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది.

"ముందు నీది కొట్టుకో అక్కా."

"నీదో?"

"నాది మూడోది ఇంకా నడుస్తలేదు. నీది అయిపోయింది కద, కొట్టు."

సార్ వైపు చూశాను. "ఎవరి పని వాళ్ళ పేరు మీదే ఉంటుంది. కానివ్వండి" అన్నారు. చీటీ చూసి నా పేరుతో లోపలికి వెళ్ళాను. తెగని సెషన్ తెరిచాను. ఫోన్ చచ్చిన క్షణంలో ఎక్కడున్నానో కర్సర్ అక్కడే నా కోసం ఎదురుచూస్తోంది. సమర్పించాను. గడియారంలో రెండూ యాభైనాలుగు. లాప్‌టాప్ ఆమెకు తిప్పిచ్చాను. మిగిలిన ఆరు నిమిషాలూ సమీనా తల ఎత్తకుండా టైపు చేసింది. మూడింటికి సర్వర్ తలుపు మూసుకుంది. ఆమె మెల్లగా మూత దించి, "పోనీ తియ్" అంది.

కిందికి దిగాక సంచిలోంచి పవర్ బ్యాంక్ తీసి నా చేతిలో పెట్టింది. నాలుగు లైట్లూ నిండుగా వెలుగుతున్నాయి. "మీ ఇంటోళ్ళు ఫికర్ చేస్తరు, బస్సుల చార్జింగ్ పెట్టుకో. నాకోసమే కద నీది అయిపోయింది. మళ్ల కలిసినప్పుడు ఇయ్యి." వద్దన్నా వినలేదు, నా నంబరు రాసుకుంది. అమీర్‌పేటలో తను దిగిపోయింది. నేను మెట్రో మారి, జూబ్లీ బస్టాండుకు వచ్చి నాలుగున్నర బస్సు పట్టుకున్నాను.

కిటికీ పక్క సీటు దొరికింది. ఇప్పుడు కీబోర్డు అవసరం లేదు కాబట్టి ఉన్న ఒక్క రంధ్రంలో సమీనా పవర్ బ్యాంక్ వైరు పెట్టాను. శామీర్‌పేట దాటాక ఫోన్ లేచింది. ప్రజ్ఞాపూర్ దగ్గర, ఐదూ నలభైకి రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది ఆఫీసు నుంచి. ఉద్యోగం నాకే. సోమవారం రమ్మన్నారు, లాప్‌టాప్ వాళ్ళే ఇస్తారట. మూడూ చేసినవాళ్ళు నేనొక్కదాన్నేనని కూడా రాశారు.

రెండోది సమీనాది. "అక్కా నీకొచ్చిందా? నాకు రాలేదు. ఇంకో పది నిమిషాలుంటే మూడోది అయిపోతుండె. దువా చేస్తున్న నీకోసం."

లక్ష్మణ్‌కు ఫోన్ చేయాలని కూడా తోచలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను ఏరు మధ్యలోనే ఆ పని చేశాను. ఈ ఉద్యోగం నాకు రాలేదనుకో, అప్పుడు ఈ పది నిమిషాల మాట మనసుకు తగిలేదా? ఆ సంగతి కూడా నాకు తెలియదు. ఆరు సార్లు రాసి, ఆరు సార్లు చెరిపాను. కుకునూరుపల్లి దాటాక ఏడోసారి రాసింది పంపాను: "ఉద్యోగం నాకే ఇచ్చిండ్రు. కరెంటు పోయినంక నువ్వు అడిగింది నాకు అప్పుడే వినబడ్డది. విననట్టు కూసున్న. ఆ పది నిమిషాలు నీయి."

సిద్దిపేటలో బస్సు ఆగింది. టీకి దిగలేదు. ఫోన్ మీద సమీనా చదివిందని చెప్పే గుర్తు వచ్చింది, జవాబు రాలేదు. సిరిసిల్ల ఇంకో అరగంట ఉందనగా వచ్చింది.

"తెలుసక్కా. నేను అడిగినప్పుడు నీ చేతులు ఆగినయ్."

అంటే పవర్ బ్యాంక్ ఇచ్చేటప్పటికే ఆమెకు తెలుసు. లాప్‌టాప్ తిప్పేటప్పుడూ తెలుసు.

ఫోన్ మీద పరీక్ష రాయవచ్చా అని మా వాడలో ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. రాయవచ్చు, ఉద్యోగం కూడా తెచ్చుకోవచ్చు. వైర్ లేని కీబోర్డు కొనుక్కోండి, బ్యాటరీ సేవర్ తీసేయండి, మూడు వరుసలకోసారి సేవ్ చేయండి. పక్కన కూర్చున్నవాళ్ళు అడిగితే మొదటిసారే పలకండి.

ఎనిమిదింటికి సిరిసిల్లలో బస్సు దిగినప్పుడు నా ఫోన్‌లో నూరు శాతం ఉంది. సమీనా పవర్ బ్యాంక్ నొక్కి చూశాను, ఒక్క లైటూ వెలగలేదు.